అత్తగారు తినే కేకు కోసం ఢిల్లీ దాకా

ఢిల్లీ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరూ అడిగేది ఒకటే. ఎర్రకోట చూశావా, తాజ్ మహల్ చూశావా అని. రెండూ చూడలేదు. తాజ్ మహల్ ఢిల్లీలో లేదని చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. నేను చూసింది కరోల్ బాగ్‌లో ఓ మూడో అంతస్తు వంటిల్లు, నోయిడాలో ఓ ఇసుక గుట్ట, ఆ రెండింటి మధ్యా బోలెడు పొగమంచు. నేను వెళ్ళింది కేకు చెయ్యడం నేర్చుకోవడానికి. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకుంటే మిగతాది తీరిగ్గా చెబుతాను.

మా ఆడపడుచు రమణి నోయిడాలో ఉంటుంది. వాళ్ళాయనది కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. మా అత్తగారు మూడేళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉంటున్నారు. ఆవిడ గుడ్డు అన్న మాట చెవిన పడితేనే ముఖం చిట్లించే మనిషి. రమణి కూతురు నిత్య పుట్టినరోజుకి ఏటా కేకు తెస్తారు. కేకు పెట్టె గడప దాటగానే అత్తగారు శాలువా కప్పుకుని పక్కింటికి వెళ్ళిపోతారు. పాట అయిపోయి, ప్లేట్లు కడిగి, బల్ల తుడిచాక గానీ తిరిగి రారు. గుడ్డు లేని కేకు అక్కడి షాపుల్లో దొరుకుతుంది, నిజమే. కానీ ఆవిడ నమ్మరు. "అదే చేత్తో, అదే గిన్నెలో కదా వాడు ఇదీ చేసేది" అంటారు.

కిందటేడు నిత్య ఫోన్లో అంది. "అత్తా, నా ఏ బర్త్‌డే ఫోటోలోనూ అమ్మమ్మ నహీ హై." ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి సగం హిందీయే వస్తుంది. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. "ఈసారి ఉంటుంది. కేకు నేను చేస్తాను. మీ అమ్మమ్మ కళ్ళ ముందు, కొత్త గిన్నెలో" అన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, నాకు కేకు చెయ్యడం రాదని.

మావారు విని, "నీకు జంతికలు వచ్చు, సున్నుండలు వచ్చు. కేకెక్కడ వచ్చు?" అన్నారు. నన్ను ఢిల్లీ రైలెక్కించింది ఆ ప్రశ్నే. మా ఊళ్ళో కేకులు నేర్పే ఆవిడ ఒకరున్నారు గానీ అక్కడ బుట్టెడు గుడ్లు కొట్టనిదే పాఠం మొదలవదు. రమణి వాకబు చేసి, కరోల్ బాగ్‌లో ఒక పంజాబీ ఆంటీ గుడ్డు లేకుండా నేర్పుతుందని చెప్పింది. నిత్య పుట్టినరోజు జనవరిలో. సంచీ సర్దేశాను.

రైల్లో

ఆగ్రా దగ్గర పొగమంచుకి రైలు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే పక్క పట్టా కూడా కనిపించలేదు. ఎదురు సీట్లో గ్వాలియర్‌లో ఎక్కిన ఒక ముసలావిడ, నా పులిహోర రుచి చూసి, బదులుగా గజక్ అనే నువ్వుల మిఠాయి ఇచ్చింది. మన నువ్వుల జీడీలాంటిదే గానీ పొరలు పొరలుగా ఉండి నోట్లో పెట్టగానే పొడి అయిపోతుంది. పళ్ళు ఊడతాయన్న భయం లేదు.

ఎందుకు వెళ్తున్నావని అడిగింది. నాకొచ్చిన హిందీలో, అత్తగారి కోసం కేకు నేర్చుకోవడానికని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "సాస్ కే లియే?" అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. పక్కనున్న కోడల్ని మోచేత్తో పొడిచి, "విన్నావా" అన్నట్టు చూసింది. ఆ కోడలు దిగేదాకా నాతో మాట్లాడలేదు.

నోయిడా, ఎనిమిదో అంతస్తు

ఇంట్లో అడుగు పెట్టగానే అత్తగారి మొదటి ప్రశ్న, "మావాడికి అన్నం ఎవరు పెడుతున్నారు?" అని. ఆయనే వండుకుంటున్నారని చెబితే ఓ నిట్టూర్పు విడిచారు. ఆ తర్వాత అసలు సంగతి.

"చూడు వరం, నువ్వు ఇంత దూరం వచ్చావు, సంతోషం. కానీ నా కోసమని మాత్రం ఏమీ పెట్టుకోకు. మీ సరదాలు మీరు చేసుకోండి. నేను ఎప్పట్లాగే పక్కింటి తివారీ గారింట్లో కూర్చుంటాను."

"గుడ్డు ఉండదత్తయ్యా. అన్నీ మీ ముందే కలుపుతాను."

"కలుపు. చూస్తాను" అన్నారు. తింటాననలేదు. నేనూ రెట్టించలేదు. వచ్చిన పని ఇంకా మొదలే కాలేదు.

నోయిడాలో నాకు వింతగా తోచింది ఆ సొసైటీ ఇళ్ళు. గేటు దగ్గర గార్డు పుస్తకంలో పేరు రాసుకుంటే గానీ కూరగాయలమ్మేవాణ్ణి కూడా లోపలికి రానివ్వడు. మా ఊళ్ళో తోటకూర మనిషి వంటింటి గుమ్మం దాకా వచ్చి, పొయ్యి మీద ఏముందో చూసి పోతుంది. చలి సంగతి ఇక చెప్పక్కర్లేదు. కొబ్బరినూనె సీసాని పొయ్యి పక్కన పెడితే గానీ చుక్క కారదు. చలిలో రోడ్డు పక్కన కాల్చి ఇచ్చే చిలగడదుంపలు మాత్రం అద్భుతం. నిమ్మకాయ పిండి, మసాలా జల్లి దొన్నెలో ఇస్తారు, పది రూపాయలు. మనం ఉడకబెట్టి ఊరుకుంటాం. ఇన్నేళ్ళూ మోసపోయాననిపించింది.

కరోల్ బాగ్, మూడో అంతస్తు

మెట్రో ఇంకా నోయిడా దాకా రాలేదు, స్తంభాలు లేపుతున్నారు. సగం దూరం బస్సు, సగం దూరం మెట్రో. మెట్రోలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు సివిల్స్ పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కనిపిస్తే ప్రాణం లేచొచ్చి, "ఏ ఊరు బాబూ" అన్నాను. ఒకడు కర్నూలు, ఒకడు వరంగల్. నేను కేకులు నేర్చుకోవడానికి వచ్చానంటే కర్నూలు అబ్బాయి, "మా పరీచ్చ కంటే అదే నయమండీ, ఫలితం ఆ పూటే తెలుస్తది" అన్నాడు. అప్పుడు నవ్వాను గానీ ఆ మాటెంత నిజమో రెండు రోజుల్లోనే తెలిసింది.

చావ్లా ఆంటీకి అరవై దాటాయి. ఎత్తుగా, ఎర్రగా, మెడలో కళ్ళజోడు తాడుతో ఉంటుంది. ఇరుకు మెట్లు, పైన విశాలమైన వంటిల్లు. నాతో పాటు మరో ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళు మాంసం తినేవాళ్ళే. మరి గుడ్డు లేని కేకు ఎందుకని అడిగాను. అక్కడ చాలా ఇళ్ళలో మంగళవారం గుడ్డు ముట్టరట. పుట్టినరోజు మంగళవారం పడితే? అందుకే ఆంటీ ఈ కేకులు మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి మంగళవారాలే తనకి అన్నం పెట్టాయని చెప్పింది. మన దగ్గర శనివారం పట్టింపు ఉన్నవాళ్ళు ఉన్నారు గానీ శనివారం కోసం వేరే కేకు పుట్టలేదు.

మొదటి రోజే నాకూ ఆవిడకీ పేచీ వచ్చింది. మైదా నేను చేత్తో తీసి గిన్నెలో వేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కితనా డాలా?"

"ఇంత" అని గుప్పిట చూపించాను.

"బేటా, తుమ్హారా ఇంత మేరే తరాజూ మే నహీ హై" అని తక్కెడ ముందుకి జరిపింది.

ఇరవై రెండేళ్ళుగా కంటి కొలతతో ఊరంతటికీ వండిపెట్టినదాన్ని. కాస్త కోపమొచ్చింది. అయినా తూచాను. పాలడబ్బా మీగడలాంటి కండెన్స్‌డ్ మిల్కు, వెన్న, పెరుగు, తినే సోడా, అన్నీ తూచాను. మొదటి కేకు నా చేత్తోనే పొంగింది. మెట్లు దిగి ఛోలే భటూరే తిన్నాను, ప్లేటు పాతిక రూపాయలు. మైదాతో చేసిన ఆ భటూరా మన పూరీకి పెద్దన్నయ్య. సగం తినేసరికే నిద్రొచ్చింది. ఆ నిద్రమత్తులోనే కరోల్ బాగ్ బజారంతా తిరిగి, అల్యూమినియం గుండ్రటి కరెంటు ఓవెనూ, కేకు గిన్నే, క్రీముతో పూలు తీసే ఇత్తడి ముక్కుల సెట్టూ కొన్నాను. అన్నీ కొత్తవే. గుడ్డు వాసన తగలనివి.

నానబెట్టిన పిండి

ఇంట్లో ఒకసారి చేసి చూద్దామనుకున్నాను. పొద్దున్నే అందరూ వెళ్ళాక, అత్తగారి ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటే ఆవిడకి చూపించి, తూచి, కలిపాను. ఆవిడ సోడా వాసన చూశారు, ఎసెన్సు వాసన చూశారు.

పిండి చక్కగా కుదిరింది. నిత్య బడి నుంచి వచ్చేదాకా ఓవెన్లో పెట్టకూడదనుకున్నాను. అది పొంగడం ఆ పిల్ల చూడాలి కదా. పైగా నానితే ఇంకా మంచిదే. ఇడ్లీ పిండి అయినా, దోసెల పిండి అయినా, నానిన కొద్దీ కదా గుల్లగా వచ్చేది. మూత పెట్టి పక్కన ఉంచాను. అత్తగారు కూడా, "ఔను, చలికి పులవడానికి టైము పడుతుంది" అన్నారు. ఇద్దరం పిండివంటల్లో పండిపోయినవాళ్ళం, ఒక్కరికీ అనుమానం రాలేదు.

సాయంత్రం ఓవెన్లోంచి వచ్చినదాన్ని చూసి నిత్య, "అత్తా, యే క్యా హై?" అంది. నాకూ తెలియలేదు. చాకు దిగలేదు. గిన్నె బోర్లించి కొడితే బల్ల మీద ఠంగున పడింది. నిత్య నవ్వలేదు. లోపలికి వెళ్ళి రమణితో, "మమ్మీ, ఫ్రెండ్స్ ముందు ఇజ్జత్ పోతుంది, షాప్ వాలా కేక్ తెప్పించు" అని చెప్పడం నాకు వినపడింది.

రాత్రి రమణి నెమ్మదిగా అంది. "వదినా, నువ్వేమీ అనుకోకు. షాపులో ఒకటి చెప్పి ఉంచుతాను. నీదీ ఉంటుంది."

"షాపు కేకు వస్తే అత్తయ్య మళ్ళీ పక్కింటికే. అప్పుడు నాదెందుకు?"

"అది కాదు, పిల్ల ఏడుస్తుంది…"

"ఫోన్ చెయ్యకు రమణీ. నా మాట మీద ఉండు" అన్నాను. గట్టిగానే అన్నాను. కేకు పాడైతే పాడవనీ, పదకొండేళ్ళ పిల్లకి మాటిచ్చి తప్పడం నా వల్ల కాదు.

మర్నాడు చావ్లా ఆంటీకి జరిగింది చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. సోడా, పెరుగూ కలిశాక వెంటనే సెగ తగలాలట. నిలవుంచితే ఆ పొంగంతా గిన్నెలోనే చచ్చిపోతుందట. "యే ఇడ్లీ నహీ హై, బేటా. కలిపాక వెనక్కి తిరిగి చూడకు" అంది. మదరాసు వాళ్ళందరూ ఒక్కసారైనా ఈ పని చేస్తారని కూడా చెప్పింది. మాది మదరాసు కాదని చెప్పే ఓపిక ఆ పూట లేకపోయింది.

గులాబీలు, ముగ్గులు

ఆ తర్వాతి రోజులు అలంకారానివి. ఒక మధ్యాహ్నం రంగు కాగితాల పట్టీలు చుట్టి పువ్వులు చెయ్యడం నేర్పింది. అవి నిత్య గదికి తోరణాలకి పనికొచ్చాయి. కేకు మీద మైనపు ముద్దలా పరిచే తెల్ల పూత ఒకటుంది, అదీ చూపించింది. అందులో జెలటిన్ ఉంటుందంది. జెలటిన్ అంటే ఏమిటని అడిగాను. ఎముకల్లోంచి తీస్తారని తేలిగ్గా చెప్పేసింది. నేను రెండు చేతులూ కడుక్కుని వచ్చి కూర్చున్నాను. అడక్కపోయి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

వెన్నా, పంచదార పొడీ గిలక్కొట్టిన క్రీముతోనే చెయ్యాలని నిర్ణయించుకున్నాను. గులాబీలు నాకు రాలేదు. నేను చేసినవన్నీ క్యాబేజీలే. కానీ కాగితం పొట్లంలో క్రీము పోసి సన్నటి గీత తియ్యమన్నప్పుడు మాత్రం నా చెయ్యి తనంతట తానే నడిచింది. తెల్లారి లేస్తూనే గుమ్మంలో ముగ్గు పెట్టే చెయ్యి అది. మెలికల ముగ్గు ఒకటి చెయ్యి ఎత్తకుండా వేశాను. మిగతా ముగ్గురూ కళ్ళజోళ్ళు సర్దుకుని చూశారు. ఆంటీ, "యే మత్ ఛోడ్‌నా" అంది. దీన్ని వదలొద్దంది కదా, గులాబీలు వదిలేశాను. ముగ్గే వేద్దామనుకున్నాను.

కరెంటు పోయిన ఆదివారం

పుట్టినరోజు ఆదివారం పడింది. పిల్లలు సాయంత్రం అయిదింటికి వస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓవెన్ స్విచ్చి వేసి, మైదా జల్లించి, అన్నీ తూచి వరసగా పెట్టుకున్నాను. పొడివి పొడిగా, తడివి తడిగా. కలపలేదు. అంతలో కరెంటు పోయింది.

సొసైటీలో జనరేటరుంది గానీ దానిమీద లైట్లూ ఫ్యానులూ లిఫ్టూ తప్ప ఓవెన్ నడవదు. గార్డుని అడిగితే, ఏదో కేబుల్ కాలిందట, రాత్రి దాకా రాదన్నాడు. వీధి చివర బేకరీ బట్టీ ఉంది, ఇరుగుపొరుగు బిస్కెట్ల పిండి తీసుకెళ్ళి అక్కడే కాల్పించుకుంటారు. రమణి అక్కడికెళ్దామంది. కానీ ఆ బట్టీలో గుడ్డు కేకులు కూడా కాలుస్తారు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. నేను తల అడ్డంగా ఊపాను. నిత్య ఒక మూల నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

చావ్లా ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కుక్కర్ హై? ఉస్ మే రేత్ డాలో." కుక్కర్లో ఇసుక పరిచి, మూతకి గాస్కెట్టూ విజిలూ తీసేసి, గ్యాసు మీద పెట్టమంది.

ఎనిమిదో అంతస్తులో ఇసుకెక్కడిది? కిటికీలోంచి చూస్తే పక్క బ్లాకు కడుతున్న చోట గుట్టలుగా ఉంది. బకెట్టు తీసుకుని దిగాను. అక్కడి చౌకీదారు నన్నూ బకెట్టునీ చూసి, "మాతాజీ, ఘర్ బనా రహే హో?" అన్నాడు, ఇల్లు కడుతున్నారా అని.

"నహీ భయ్యా. కేక్."

అతను తానే పారతో బకెట్టు నింపాడు. ఏమనుకున్నాడో గానీ లిఫ్టు దాకా మోసి పెట్టాడు.

బకెట్టు చూడగానే అత్తగారు ముందుకొచ్చారు. "అందులో ఏ కుక్క పడుకుందో. ఇలా తే." నీళ్ళు తేరుకునే దాకా ఇసుక కడిగారు. మూకుడులో పోసి, ఆరేదాకా వేయించారు. చిన్నప్పుడు వాళ్ళమ్మగారు ఇసుకలోనే వేరుశనక్కాయలు వేయించేవారట, సెగ ఎంతుండాలో ఆవిడకి చేతికి తెలుసు. కుక్కర్లో ఇసుక కాగాక, "ఇప్పుడు కలుపు" అన్నారు. కలిపాను. వెనక్కి తిరిగి చూడకుండా గిన్నె లోపల దించాను. మూత తీసి చూడాలని నా చెయ్యి లాగుతుంటే, "ఊరుకో. అది ఉడుకుతుంది" అని చెయ్యి మీద ఒక్కటి వేశారు. పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని, సన్న సెగ దగ్గర్నుంచి కళ్ళు తియ్యలేదు.

గుమ్మడిపువ్వు రంగులో పొంగింది. పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చల్లారడానికి బాల్కనీలో పెడితే, ఆ చలి పని చిటికెలో చేసింది. పావురాలు మాత్రం వరస కట్టాయి. తువ్వాలు ఊపుతూ కాపలా కాశాను. తర్వాత తెల్ల క్రీము పరిచి, ఎర్ర క్రీముతో మెలికల ముగ్గు వేశాను. నిత్య దగ్గరికొచ్చి చూసి, "అత్తా, బహుత్ సుందర్" అంది. షాపు మాట మళ్ళీ ఎత్తలేదు.

అయిదింటికి

పిల్లలు వచ్చారు. అత్తగారు శాలువా కప్పుకుని గదిలోంచి బయటికొచ్చారు. వీధి తలుపు వైపు చూశారు. నిత్య పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, ఇధర్. నా పక్కన." ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. రమణి కెమెరా తీసింది.

కొవ్వొత్తులు వెలిగించారు. పాట పాడారు. నిత్య బుగ్గల నిండా గాలి పీల్చుకుని కేకు మీదికి వంగింది. అప్పుడు తట్టింది నాకు. ఊదితే ఎంగిలి. గుడ్డు గురించి ఆలోచించాను, గిన్నె గురించి, బట్టీ గురించి, ఎముకల గురించి కూడా ఆలోచించాను. ఇది మాత్రం తట్టలేదు. పూజ పళ్ళెం మీదికి ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే పక్కకి జరిపే మనిషి, ఉఫ్ అని ఊదిన కేకు ముడతారా?

"ఆగు" అని అరిచేశాను. అరుస్తూనే కేకు పళ్ళేన్ని లాగేశాను. ఒక కొవ్వొత్తి పడిపోయింది. పిల్లలందరూ నోళ్ళు తెరిచి చూస్తున్నారు. నిత్య బుగ్గలు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

అత్తగారు నన్ను చూశారు. "ఎందుకాపావు దాన్ని?"

"ఎంగిలవుతుందత్తయ్యా. ఊదితే మరి మీరు…"

ఆవిడ పడిపోయిన కొవ్వొత్తిని నెమ్మదిగా నిలబెట్టారు. "అది పాలపళ్ళతో కొరికి నా నోట్లో పెట్టిన జామకాయ ముక్కలు ఎన్ని తిన్నానో నీకేం తెలుసు. దాని ఎంగిలి నాకు ఎంగిలా? ఊదవే తల్లీ."

నిత్య ఊదింది. కోసింది. మొదటి ముక్క అమ్మమ్మ నోటికి అందించింది. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలారు. మింగారు. కొంగుతో పెదాలు తుడుచుకున్నారు. బాగుందో లేదో చెబుతారని నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు. నిత్య భుజం మీద చెయ్యేసి అడిగారు.

"మీవాళ్ళని ఆ పాట ఇంకోసారి పాడమనవే. ఏటా తివారీ గారింట్లో గోడకి చెవి ఆనించి వినేదాన్ని. మాటలు సరిగ్గా వినపడేవి కాదు."

నిత్య హిందీలో వాళ్ళకి చెప్పింది. పిల్లలు మళ్ళీ మొదట్నుంచి పాడారు.